లెక్కచేయనివాడు లెక్కపెట్టడు



‘మనిషిని అంకెగా మార్చకండి’ అన్న మాట సాహిత్యాభిమానుల నోట తరచుగా వినవస్తోంది. ఆసుపత్రులలో రోగుల వివరాలను కంప్యూటరుకెక్కించి, కూడికలు తీసి, పరిశీలించాలన్న ప్రస్తావన రాగానే కవిహృదయాలు నొచ్చుకుంటున్నాయి. బాధను పట్టికలో ఇరికించడం అమానుషమట! నొచ్చుకోవడం సహృదయ లక్షణమే. కాని ఈ వాదం పేదవాడి ప్రాణానికి చేటు తెచ్చేదని నా నిశ్చితాభిప్రాయం. దానిని ఖండించడానికే ఈ టపా.

మొదట మన భాషనే సాక్ష్యానికి పిలుస్తాను. తెలుగులో ‘లెక్కచేయడం’ అంటే పట్టించుకోవడం, మన్నించడం. ‘నన్ను లెక్కచేయలేదు’ అని అత్తవారింట అలిగిన అల్లుడు తనను అంకెగా మార్చమని కోరడం లేదు గదా! ‘గణ్యుడు’ అంటే లెక్కింపదగినవాడు, కనుకనే గొప్పవాడు. ‘నగణ్యం’ అంటే లెక్కింపదగనిది, కనుకనే అల్పం. లెక్కలోకి రావడం ఆదరమనీ, రాకపోవడం తిరస్కారమనీ ఈ పదాలను వాడిన పూర్వులకు తెలుసు. మనమే మరచిపోయాం.

మన దేశంలో ఈ నగణ్యులెవరో తెలియాలంటే పాముకాటు మరణాలను చూడండి. 2003 నుండి 2015 వరకు ప్రభుత్వాసుపత్రులలో పాముకాటుతో మరణించినవారు సుమారు 15,500 మంది అని సర్కారు లెక్క. అదే కాలంలో అవే ఆసుపత్రులలో సుమారు 1,54,000 మంది మరణించి ఉంటారని 2020లో ప్రచురితమైన ఒక పరిశోధన అంచనా వేసింది. అంటే పదిమందిలో తొమ్మండుగురు ఆసుపత్రి గడప తొక్కి కూడా లెక్కకు అందలేదు. ఇక ఇంటి అరుగుమీదనో, మంత్రగాని ముంగిటనో, దారిలోనో ప్రాణం విడిచినవారి సంగతి చెప్పేదేముంది? అన్నీ కలిపి 2000 నుండి 2019 వరకు దేశంలో పన్నెండు లక్షల మంది, ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని ఆ పరిశోధన సారాంశం. ఈ మరణాలు అధికంగా ఉన్న ఎనిమిది రాష్ట్రాలలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఈ నిజం ఎలా బయటపడింది? ‘మిలియన్ డెత్ స్టడీ’ అనే బృహత్ప్రయత్నంలో శిక్షణ పొందిన సిబ్బంది 2001 నుండి 2014 వరకు జరిగిన ఆరు లక్షలకు పైబడిన మరణాల గురించి ఇళ్ళకు వెళ్ళి అడిగారు. పోయినవారు ఎలా పోయారో బంధువులు చెప్పగా వ్రాసుకున్నారు. ఆ కథనాలను వైద్యులు చదివి కారణం నిర్ణయించారు. ఒక తల్లి చెప్పిన మాట, ఒక భార్య చెప్పిన మాట, అటువంటి లక్షల మాటలు కూడితే వచ్చినదే ఆ అంకె. బాధను విననివాడు దానిని లెక్కించలేడు. ఇందులో అమానుషత్వం ఎక్కడున్నదో కవిమిత్రులు సెలవియ్యాలి.

సరే, లెక్క తేలితే చనిపోయినవాడు తిరిగి వస్తాడా అని అడుగుతారు. రాడు. రేపు కాటు తిన్నవాడు బ్రతుకుతాడు. ఎలాగంటారా? ఈ మరణాలలో దాదాపు సగం జూన్ నుండి సెప్టెంబరు వరకు, వానాకాలంలోనే సంభవిస్తున్నాయని అదే పరిశోధన చెప్పింది. ఏ మండలంలో, ఏ మాసంలో, ఏ వేళ కాట్లు ఎక్కువో తెలిస్తే, తొలకరికి ముందే అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి విరుగుడు సూదిమందు చేర్చవచ్చు. 108 వాహనం ఎక్కడ కాచుకొని ఉండాలో నిర్ణయించవచ్చు. కట్లపాము కాటుకు ఒక్కొక్కసారి ఊపిరి స్తంభిస్తుంది. అటువంటి రోగికి కృత్రిమ శ్వాస అందించే యంత్రం ఉన్న ఆసుపత్రి అవసరమవుతుంది. అది ఎంత దూరంలో ఉన్నదో, అక్కడికి చేరేలోగా ఎందరు పోతున్నారో తెలియకపోతే ఈ ఏర్పాటు చేసేదెవరు?

మరొక సంగతి. మన దేశంలో దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అనే నాలుగింటి విషాలతో తయారవుతుంది. ఆ విషంలో అధికభాగం తమిళనాడులోని ఇరుళుల సహకార సంఘం నుండి వచ్చేదే. ఒకే జాతి పామైనా ప్రాంతాన్నిబట్టి విషం మారుతుందనీ, ఒకచోటి విషంతో చేసిన మందు మరొకచోట అంతగా పనిచేయకపోవచ్చుననీ శాస్త్రజ్ఞులు చూపారు. మన జిల్లాలో ఒక్కొక్క రోగికి ఎన్ని సీసాలు పట్టాయో, ఫలితమేమిటో వ్రాసిపెట్టనిదే, మందు చాలడం లేదన్న ఫిర్యాదును ఎవరి ముందు, ఏ ఆధారంతో పెట్టగలం?

ఇక రెండవ ప్రతిపక్షం వైపు తిరుగుతాను. వీరు లెక్కలంటే భయపడరు; లెక్కలను ప్రదర్శనకు పెడతారు. ముప్ఫై ఏళ్ళకు పైగా హాజరుపట్టీ వ్రాసినవాణ్ణి కనుక ఈ జబ్బు నాకు బాగా తెలుసు. ఇన్‌స్పెక్టరుగారి కోసం నింపిన పట్టీ వేరు. నాట్ల కాలంలో ఏ పిల్లవాడు బడికి రావడం లేదో చూసి వాళ్ళింటికి వెళ్ళడానికి వ్రాసిన పట్టీ వేరు. రెండింటిలోనూ గీతలు అవే. ఆసుపత్రి రికార్డు కూడా అంతే. పైకి పంపిన అంకె మళ్ళీ ఆ డాక్టరు దగ్గరకు, ఆ నర్సు దగ్గరకు, ఆ ఊరి ఆశా కార్యకర్త దగ్గరకు తిరిగి రాకపోతే అది చిత్రగుప్తుని చిట్టాయే. పోయినవారికి తప్ప ఉన్నవారికి పనికిరాదు.

నిజం వ్రాసినవాడికి శిక్ష పడుతుందనే భయం కూడా ఉన్నది. ఇది ఈనాటిది కాదు, మన ఒక్కరిదీ కాదు. అమెరికాలో బోస్టన్ నగరపు శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ కాడ్‌మన్, చికిత్స పొందిన ప్రతి రోగినీ తరువాత కూడా పరామర్శించి, నయమయిందా, కాకపోతే ఎందుకు కాలేదు అని వ్రాయాలన్నాడు. పెద్ద ఆసుపత్రులకు అది రుచించలేదు. 1911లో తానే చిన్న ఆసుపత్రి తెరిచి, 1916 వరకు చూసిన 337 మంది రోగుల వివరాలను, అందులో దొర్లిన 123 పొరపాట్లతో సహా అచ్చువేశాడు. తోటివారు ఆయనను వెలివేసినంత పని చేశారు. నేడు వైద్య ప్రమాణాల చరిత్ర వ్రాసేవారు ఆయన పేరుతోనే మొదలుపెడుతున్నారు. మరణాలు ఎక్కువ చూపిన ఆసుపత్రిని దండించే ప్రభుత్వానికి అబద్ధపు లెక్కలే దక్కుతాయి. అటువంటి ఆసుపత్రికి ముందుగా పంపవలసింది మందులు, మనుషులు. సంజాయిషీ నోటీసు కాదు.

గోప్యత మాటేమిటంటారా? సబబైన ప్రశ్న. రోగి పేరు, కులం, ఫోను నంబరు ఈ పనికి అక్కరలేదు. ఊరు, కాటు వేళ, ఆసుపత్రికి చేరిన వేళ, లక్షణాలు, ఇచ్చిన సీసాలు, ఫలితం: ఈ ఆరు గడులు చాలు. అంతకు మించి అడిగేవాణ్ణి అనుమానించండి, నేనూ మీతో నిలబడతాను.

2024 ఫిబ్రవరిలో కర్ణాటక పాముకాటును తప్పనిసరిగా తెలియజేయవలసిన జాబితాలో చేర్చింది. అదే ఏడు నవంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ అన్ని రాష్ట్రాలనూ అలాగే చేయమని కోరింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలన్నది జాతీయ లక్ష్యం. సగమని తేల్చడానికైనా మొత్తమెంతో తెలియాలి గదా!

కనుక కవిమిత్రులకు నా విన్నపం ఒక్కటే. నాగుల చవితినాడు పుట్టకు పాలు పోసే జాతి మనది. ఆ పుట్ట ప్రక్క చేలో నాట్లు వేసే కూలిమనిషి మీద పద్యం వ్రాయండి, తప్పక చదువుతాను. ఆమె కాటు తిన్ననాడు ఆసుపత్రి పుస్తకంలో ఆ ఆరు గడులూ నిండాయో లేదో మాత్రం వెళ్ళి అడగండి. విభేదించేవారు నిర్మొహమాటంగా వ్యాఖ్య వ్రాయండి, జవాబిస్తాను.