ఆప్షన్ ఎవరి చేత్తో పెడుతున్నారు?

ఎంసెట్ అనండి, 2021 నుంచి ఈఏపీసెట్ అనండి, ఫలితాలు రాగానే మన పేటల్లోకి మోటారు సైకిళ్ళు వస్తాయి. ఏడాది పొడుగునా పేట ముఖం చూడనివాళ్ళు ఆ నాలుగు రోజులూ మన అరుగుల మీద కూర్చుని మంచినీళ్ళు అడిగి మరీ తాగుతారు. వీళ్ళు కాలేజీల ఏజెంట్లు. "అంతా ఫ్రీయే అమ్మా, బస్సూ ఫ్రీయే. హాల్ టికెట్ ఇలా ఇయ్యండి, ఆప్షన్లు మేమే పెట్టేస్తాం" అంటారు. కూలి నుంచి వచ్చిన తల్లి నమ్మి, ఫోనుకొచ్చిన ఓటీపీ కూడా చెప్పేస్తుంది. అక్కడితో ఆ బిడ్డ నాలుగేళ్ళూ అమ్ముడైపోయినట్టే. కమీషను ఏజెంటుది, చదువు మనది!

ఈ ప్రేమ ఎందుకో తెలుసుకోవాలి. మన బిడ్డ చేరితే ఫీజు సర్కారు కడుతుంది. అది ఎవరూ వేసిన భిక్ష కాదు. దళిత విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో, బాబాసాహెబ్ అంబేడ్కర్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్న రోజుల్లోనే మొదలైంది. అలా వచ్చిన హక్కుతో ఎక్కడ చదవాలో తేల్చుకోవాల్సింది మనం, ఏజెంటు కాదు.

ముందు సర్కారు కాలేజీలు చూడండి. కాకినాడ జేఎన్‌టీయూ కాలేజీ 1946 నుంచి ఉన్నది. రాజమండ్రిలో నన్నయ యూనివర్సిటీ కాలేజీ ఉంది. తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. దానికి జేఈఈ మెయిన్ రాయాలి. అందులో సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలవే, ఎస్సీ ఎస్టీలకి ట్యూషన్ ఫీజు లేదు. ఇంత దగ్గరున్న నిట్ పేరు మన పేటల్లో ఎంతమంది విన్నారు?

ప్రైవేటు కాలేజీ ఆ తరవాతే. అందులోనూ కన్వీనర్ సీటే తీసుకోవాలి. ప్రైవేటు కాలేజీల్లో నూటికి 70 సీట్లు కన్వీనర్‌వి, 30 మేనేజ్‌మెంటువి. రిజర్వేషన్ కన్వీనర్ సీట్లకే. మేనేజ్‌మెంట్ సీటుకి రిజర్వేషనూ లేదు, సర్కారు ఫీజూ రాదు. "తరవాత చూసుకుందాం" అని ఆ సీటు అంటగడితే పొలమో పుస్తెలో అమ్మాల్సిందే.

రంగుల బిల్డింగు చూసి మోసపోవద్దు. కాలేజీకి వెళ్ళి అడగండి: మా బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు ఉందా? పాఠం చెప్పేవాళ్ళు ఎందరు, ఏం చదివారు? హాస్టలుకి, బస్సుకి, పరీక్షకి విడిగా ఎంత? ఎస్సీ ఎస్టీ సెల్ ఉందా? అక్కడ చదువుతున్న మన పిల్లల్నీ అడగండి. గోడ మీది ఫొటోల కన్నా వాళ్ళ మాట నిజం.

సర్టిఫికెట్ల సంగతి మరీ ముఖ్యం. సర్కారు ఫీజు బకాయి పెడితే, ఒరిజినల్స్ బీరువాలో పెట్టి బిడ్డను తిప్పే యాజమాన్యాలు ఉన్నాయి. ఒరిజినల్స్ అట్టే పెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ ఉత్తర్వు ఇచ్చింది. సర్కారు బాకీకి మన బిడ్డ తాకట్టా? అలాంటి చోట ఒక్కరే వెళ్ళొద్దు, సంఘంతో వెళ్ళండి.

ర్యాంకు రాలేదని కుంగిపోవద్దు. పాలిటెక్నిక్ చదివి, ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరొచ్చు. అందరూ కంప్యూటర్ అంటున్నారని దానికే ఎగబడొద్దు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట లేచి డెల్టాకి నీళ్ళొచ్చాయి. పలుగూ పారా పట్టడం మనకి తెలుసు, ప్లాను గీసే పెన్సిలూ మన పిల్లల చేతికి రావాలి.

కార్యకర్తలకి ఒక మాట. ఆప్షన్లు పెట్టే రోజుల్లో ప్రతి పేటలో అంబేడ్కర్ బొమ్మ దగ్గర సాయంత్రాలు కూర్చోండి. ఇంజనీరింగ్ చదివిన మన పిల్లల్ని పిలవండి. గత ఏడాది ఏ కాలేజీలో ఏ బ్రాంచికి ఎస్సీల ఆఖరి ర్యాంకు ఎంతో లిస్టు తీసి గట్టిగా చదవండి. కంప్యూటరు వరస ప్రకారం పైనుంచి చూసుకుంటూ వస్తుంది. అందుకని నిజంగా కావలసిన కాలేజీనే పైన పెట్టించండి, రాదేమోనని కిందకి నెట్టొద్దు.

పాస్‌వర్డు బిడ్డ దగ్గరే ఉండాలి, ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. ఓటు అమ్ముకోవద్దని ఇన్నాళ్ళూ చెప్పుకున్నాం. ఆప్షనూ ఓటులాంటిదే. మన చేత్తోనే వేద్దాం.

జై భీమ్!