ముందు ఈత, తర్వాతే పాండిచ్చేరి

వరలక్ష్మి పండగనాడు మామయ్య వాళ్ళింట్లో విస్తరాకులు ఎత్తేలోపే తీర్మానం అయిపోయింది. దసరా రజకి పాండిచ్చేరి, అక్కడ స్కూబా డైవింగు. పన్నెండు మంది, రెండు బండ్లు. శుక్రవారం రాత్రి కోలారు వదలడం, తెల్లారేసరికి పాండిచ్చేరి, శనివారం ఊరంతా తిరగడం, ఒక డైవు. ఆదివారం పొద్దున ఇంకో డైవు, భోంచేసి బయలుదేరితే రాత్రికి ఇల్లు. సోమవారం ఆఫీసు. లెక్క భలే కుదిరింది అన్నారు అందరూ. ఆ లెక్క తప్పు అని చెప్పడానికే ఇది రాస్తున్నాం. మేమంటే, ఆ రోజు వడ్డనలో ఉండి నోరు తెరవలేకపోయిన ముగ్గురం.

పోవద్దని కాదు. "మెట్టనేల వాళ్ళం, మనకెందుకురా సముద్రం" అని పెదనాయన అన్న మాట మాకు అసలే నచ్చలేదు. సముద్రం ఎవరి సొత్తూ కాదు. పాండిచ్చేరి మనకి మరీ పరాయి ఊరు కూడా కాదు, యానాం చుట్టాలకి రాజధాని అదే కదా. మా పోట్లాట వేరే.

పన్నెండు మందిలో ఈత వచ్చినవాళ్ళు ఇద్దరు. ఆ మాట ఎత్తితే వచ్చిన జవాబు ఒక్కటే: "ఈత రాకపోయినా పర్లేదంట, వాళ్ళే పట్టుకొని తీసుకుపోతారంట." ఇందులో అబద్ధం లేదు. మొదటిసారి వాళ్ళకి చేయించే డైవులో 12 మీటర్లకంటే లోతుకి దించరు, శిక్షకుడు పక్కనే ఉంటాడు, ఈత రానివాళ్ళని కూడా చాలాచోట్ల తీసుకుపోతారు. అన్నీ సవ్యంగా జరిగితే ఏమీ కాదు. కానీ మేము తిండి తినేది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేసి. అన్నీ సవ్యంగా జరిగితే పనిచేసే ప్రోగ్రాముని ఎవరైనా రాయగలరు. మాస్కులోకి గుక్కెడు నీళ్ళొచ్చినప్పుడు మనిషి ఏం చేస్తాడు అన్నదే మా ప్రశ్న.

ఈత రానివాడు ఏం చేస్తాడో చెప్పక్కరలేదు. ఊపిరి బిగబట్టి పైకి తన్నుకుంటాడు. స్కూబాలో చెయ్యకూడని పనుల్లో మొదటిది సరిగ్గా అదే. హైస్కూల్లో బాయిల్ నియమం కన్నడంలో చదువుకున్నాం, 'ఒత్తడ' పెరిగితే గాలి పరిమాణం తగ్గుతుందని. తెలుగులో అది ఒత్తిడి, పెద్ద తేడా లేదు. మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ ముక్కే ఇక్కడ ప్రాణం మీదికి వస్తుంది. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైన ఉన్నదానికి రెండింతలు. అక్కడ సిలిండరు గాలి నిండా పీల్చి, నోరు మూసుకొని పైకొస్తే, ఆ గాలి రెండింతలు అవ్వాలని చూస్తుంది. ఊపిరితిత్తులు అంత సాగవు, చిరుగుతాయి. దీనికి పది మీటర్లు కూడా అక్కరలేదు, రెండు నిలువుల ఈతకొలనులోనూ జరగొచ్చు. నీళ్ళంటే భయం పోయినవాడికి "ఊపిరి ఆపొద్దు" అంటే బుర్రకెక్కుతుంది. ముఖం మీద చెంబుడు నీళ్ళు పడితేనే గుక్కపట్టేవాడికి పడవలో పది నిమిషాలు చెప్తే ఎక్కుతుందా?

మనవాళ్ళకి ఈత రాకపోవడం ఎప్పటినుంచో కాదు. తాత తరంలో ఆడా మగా అందరూ కపిల బావిలో ఎండిన సొరబుర్ర నడుముకి కట్టుకొని నేర్చుకున్నవాళ్ళే. అవ్వ మెట్ల మీదనుంచి దూకేదని ఇప్పటికీ చెప్తారు. బావులు ఎండిపోయి బోర్లు వెయ్యి అడుగులు దాటాక, పిల్లలు దూకడానికి నీళ్ళే లేకుండా పోయాయి. తప్పు ఎవరిదీ కాదు. కానీ అవ్వకి వచ్చిన విద్య మనకి రాదని ఒప్పుకోకుండా నేరుగా సముద్రంలోకి దిగుతాం అనడం మాత్రం మన తప్పే. స్కూబాలో మొదటి సర్టిఫికెట్ కోర్సుకే 200 మీటర్లు ఈదాలి, పది నిమిషాలు నీళ్ళ మీద తేలాలి. ఊరికే పెట్టలేదు కదా ఆ షరతు.

ఇంక ఫారం సంగతి. ఆస్తమా ఉందా, గుండెజబ్బు ఉందా, ఫిట్స్ వచ్చాయా, చెవి ఆపరేషన్ అయిందా అని అడుగుతారు. ఒక్కదానికి అవును అన్నా డాక్టరు సంతకం కావాలి. అందుకే మనవాళ్ళు అన్నిటికీ 'లేదు' అని గీకేస్తారు. మేము కూడా గీకినవాళ్ళమే. రెండేళ్ళ కింద పడమటి తీరంలో ఒకచోట, మా ముగ్గురిలో ఒకడు జలుబుతో దిగాడు. లోతుకి పోయేకొద్దీ ముక్కు మూసి మెల్లగా గాలి ఊది చెవులు సరిచేసుకోవాలి, జలుబుంటే ఆ దారి మూసుకొని ఉంటుంది. నొప్పి మొదలైనప్పుడే సైగ చేస్తే పైకి తెచ్చేవాళ్ళు. కట్టిన డబ్బు గుర్తొచ్చి సైగ చెయ్యలేదు. నెల రోజులు ఆ చెవి సరిగ్గా వినపడలేదు. ఇంట్లో చెప్పలేదు, ఇప్పుడు చెప్తున్నాం. మన పన్నెండు మందిలో ఇన్‌హేలర్ వాడేవాళ్ళు ఎవరో అందరికీ తెలుసు, పేరు రాయం.

ఆదివారం లెక్కే అన్నిటికంటే తప్పు. లోతులో పీల్చిన గాలిలోని నైట్రోజన్ ఒంట్లో కరుగుతుంది, మెల్లగా బయటికి పోవాలి. తొందరపడి ఎత్తుకి పోతే గోలీసోడా కొట్టినట్టు బుడగలు కడుతుంది. ఒక్క డైవు చేస్తే 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగి విమానం ఎక్కమని డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ వాళ్ళ మాట. "మనం కార్లో కదా" అన్నాడు బావ. ఆ నియమం 2000 నుంచి 8000 అడుగుల ఎత్తుకి వర్తిస్తుంది బావా! బెంగళూరు సుమారు 3000 అడుగులు, మన కోలారు దానికంటే కాస్త తక్కువ. పాండిచ్చేరిలో మధ్యాహ్నం భోంచేసి, తిరువణ్ణామలై, కృష్ణగిరి మీదుగా వస్తే రాత్రికి హోసూరు ఎక్కేసి ఉంటాం. రెండు మూడు అంతస్తుల లోతుకి పోయిన డైవులకి ప్రమాదం తక్కువే, ఒప్పుకుంటాం. తక్కువ అని తెలిసి కూడా దాన్ని ఎందుకు కొనుక్కోవాలి? డైవులు ముందు పెట్టి, ఊరు తిరగడం చివరికి పెట్టుకుంటే పైసా ఖర్చు లేకుండా తీరిపోతుంది. రాత్రంతా బండి తోలి నిద్రలేకుండా దిగడం కూడా తప్పుతుంది.

దసరా కూడా కుదరదు. పడమటి సముద్రం జూన్‌లో మూతపడితే, తూర్పు సముద్రానికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు. 2024 నవంబరు 30న ఫెంగల్ తుఫాను తీరం దాటింది పాండిచ్చేరి దగ్గరే. పిల్లల రజ ఎప్పుడో చూసుకొని సముద్రం ప్రశాంతంగా ఉండదు.

అందుకని మా పట్టు ఇది. ఫిబ్రవరి తర్వాత పోదాం, నాలుగు రోజులు పెట్టుకుందాం. ఈ లోపల ఎవరి ఊళ్ళో వాళ్ళు ఈతకొలనులో చేరాలి, వదినలు కూడా. నిలువెత్తు నీళ్ళలో పది నిమిషాలు తేలలేనివాళ్ళు ఈసారికి పడవలో కూర్చుంటారు. ఆస్తమా ఉన్నవాళ్ళు డాక్టరుని అడిగి రావాలి. డైవింగు వాళ్ళకి ఫోను చేసేవాళ్ళు రేటు ఒక్కటే గీచి గీచి బేరమాడకుండా, ఒక్కొక్కరికి ఒక్కో శిక్షకుడు ఉంటాడా, పడవలో ఆక్సిజన్ ఉంటుందా అని ముందు అడగాలి. నీళ్ళు నమిలితే ఫోను పెట్టెయ్యాలి.

అడ్వాన్సు ఇంకా కట్టలేదు మామయ్యా. కట్టొద్దు.