మీ ఇంటి కంప్యూటర్‌కి అడ్మిన్ ఎవరు?

"అన్నా, మా ఇంట్లో ఉండేది ముగ్గురం. మరి ఈ అడ్మినిస్ట్రేటర్ ఎవరు?"

దుమ్ముగూడెం దాటి లోపలికి ఉండే ఊరి నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. నవ్వొచ్చింది కానీ, ఆలోచిస్తే అసలు పాయింట్ అదే.

వాడి దగ్గర ఉన్నది ఖమ్మంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న డెస్క్‌టాప్. ఏదో ఆఫీసులో వాడి అమ్మేసిన బ్రాండెడ్ మెషిన్. విండోస్ సెక్యూరిటీ ఓపెన్ చేస్తే, వైరస్ ప్రొటెక్షన్‌ని మీ ఆర్గనైజేషన్ మేనేజ్ చేస్తోంది అని మెసేజ్. రియల్ టైమ్ ప్రొటెక్షన్ స్విచ్ బూడిద రంగులో ఉంది, నొక్కినా కదలదు. ఏ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయబోయినా అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతోంది. అమ్మిన షాపుకి ఫోన్ చేస్తే, "సీపీయూ పట్టుకొని రా తమ్ముడూ, చూద్దాం" అన్నారట. భద్రాచలం నుంచి ఖమ్మానికే దాదాపు 120 కిలోమీటర్లు. వాడి ఊరు ఇంకా లోపల. సీపీయూని ఒళ్లో పెట్టుకొని రెండు బస్సులు మారాలి.

గేమ్స్ ఆడుకునే పీసీ అయితే పోనీలే అనుకోవచ్చు. కానీ మావాడు ఊళ్లో వాళ్లకి ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపి పెడతాడు. ఆ మెషిన్‌లో చుట్టుపక్కల ఇళ్ల వాళ్ల ఆధార్ కాపీలు, బ్యాంక్ పాస్‌బుక్ స్కాన్లు, పోడు పట్టాల ఫొటోలు ఉన్నాయి. అంటే తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియని బీరువాలో ఊరి కాగితాలు పెట్టినట్టు.

అందుకే నా అభిప్రాయం సూటిగా చెప్తున్నా. ఇంటి పీసీలో అడ్మిన్ యాక్సెస్ బ్లాక్ అయిందంటే దాన్ని సెట్టింగ్స్ ప్రాబ్లమ్‌గా చూడకండి. ఆ మెషిన్ ఇంకా పూర్తిగా మీది కాలేదు. ముందు దాన్ని మీది చేసుకోండి.

మరి ఎక్కడ చూడాలి? ఈ వరసలో వెళ్లండి.

1. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో యువర్ ఇన్ఫో. మీ పేరు కింద అడ్మినిస్ట్రేటర్ అని లేకపోతే మీది స్టాండర్డ్ అకౌంట్. అడ్మిన్ అకౌంట్ షాపువాళ్లు పెట్టుకున్నదే. ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడగండి. అది మీ హక్కు.

2. అకౌంట్స్‌లోనే యాక్సెస్ వర్క్ ఆర్ స్కూల్. అక్కడ పాత కంపెనీ అకౌంట్ కనిపిస్తే, మెషిన్ ఇంకా వాళ్ల కంట్రోల్‌లో ఉన్నట్టే. విండోస్ కొత్తగా వేశాక కూడా ఆ కంపెనీ లాగిన్ స్క్రీనే వస్తే, కుస్తీ పట్టొద్దు. అమ్మినవాళ్లకి వెనక్కి ఇచ్చేయండి.

3. వేరే యాంటీవైరస్ ఉందా? అది రియల్ టైమ్‌లో నడుస్తుంటే డిఫెండర్ తానే పక్కకి తప్పుకుంటుంది. ట్రయల్ అయిపోయినది ఉంటే అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేయండి.

4. డిఫెండర్‌లో ఎక్స్‌క్లూజన్స్ లిస్ట్. మీరు పెట్టని ఫోల్డర్లు, ముఖ్యంగా మొత్తం సీ డ్రైవ్ అక్కడ ఉంటే, ఎవరో కావాలనే కాపలాని పక్కకి పంపారు.

మావాడి మెషిన్‌లో మొదటిదీ నాలుగోదీ రెండూ ఉన్నాయి. కారణం ఊహించే ఉంటారు: క్రాక్. విండోస్ యాక్టివేట్ చేసే క్రాక్ టూల్‌ని డిఫెండర్ పట్టుకుంటుంది కాబట్టి, ముందు డిఫెండర్ నోరు నొక్కుతారు. పని అయ్యాక దాన్ని మళ్లీ ఆన్ చేసేవాళ్లు తక్కువ. మాల్‌వేర్ చేసే మొదటి పని కూడా ఇదే. 2008లో వచ్చిన కాన్‌ఫికర్ వర్మ్ విండోస్ అప్‌డేట్‌ని ఆపేసి, యాంటీవైరస్ కంపెనీల సైట్లు తెరుచుకోకుండా చేసేది. స్టాప్ అనే ర్యాన్సమ్‌వేర్ అయితే ఎక్కువగా క్రాక్‌లు, కీజెన్‌ల ద్వారానే ఇళ్లలోకి వచ్చింది. క్రాక్ వేసినవాడు మంచోడే కావచ్చు. ఆ క్రాక్ తయారుచేసినవాడెవడో అతనికీ తెలియదు.

ఇందులో అసలు విషాదం ఏంటంటే, చాలాసార్లు ఆ క్రాక్ అవసరమే ఉండదు. విండోస్ 10 లేదా 11తో వచ్చిన బ్రాండెడ్ మెషిన్లలో లైసెన్స్ కీ సాధారణంగా మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే, నెట్ కనెక్ట్ అవ్వగానే యాక్టివేట్ అయిపోతుంది. ఒరిజినల్ ఉన్న మెషిన్‌కి దొంగ తాళం వేసి ఇచ్చారన్నమాట.

రిజిస్ట్రీలోకి వెళ్లి పాలసీలు ఒక్కొక్కటీ డిలీట్ చేయమని చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. పాస్‌వర్డ్ బైపాస్ ట్రిక్కులూ ఉన్నాయి. వాటితో స్విచ్ కదలొచ్చు. కానీ తెలియని చేతుల్లో అడ్మిన్ ఉన్నంతకాలం లోపల ఏం పెట్టారో మీకు కనపడదు. డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ మంచిదే, విండోస్ మొదలుకాకముందే వెతుకుతుంది. అయినా ఊరి ఆధార్ కాపీలున్న మెషిన్‌కి అది సరిపోదంటాను. క్లీన్ ఇన్‌స్టాల్ ఒక్కటే సమాధానం.

"అన్నా, ఇక్కడ సిగ్నల్ ఫోన్ మాట్లాడటానికే కష్టం, అన్ని జీబీలు ఎట్లా?" అన్నాడు. నిజమే. అందుకే డౌన్‌లోడ్ ఊళ్లో పెట్టుకోవద్దు. నమ్మకమైన వేరే పీసీలో, మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్‌తో, కనీసం 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్‌లో చేసుకోవాలి. నేను ఇక్కడ తయారుచేసి, పండక్కి వెళ్లినప్పుడు పట్టుకెళ్లా. ముందు డాక్యుమెంట్లు, ఫొటోలు మాత్రమే బయటికి కాపీ చేశాం. సెటప్ ఫైళ్లు ఒక్కటి కూడా ముట్టుకోలేదు. పాత పార్టిషన్లన్నీ తీసేసి విండోస్ వేశాం. క్రాక్ లేకుండానే యాక్టివేట్ అయింది. ఆ తర్వాత కాపీ చేసినవి స్కాన్ చేసి వెనక్కి పెట్టాం.

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 14 అక్టోబర్ 2025తో అయిపోయింది. మీ మెషిన్‌కి 11 పడకపోతే లినక్స్ మింట్ చూడండి. ఫామ్స్ నింపడానికి బ్రౌజర్ ఉంటే చాలు.

చివరగా, మనలో చాలామందికి నచ్చని మాట ఒకటి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గర ఉండాలి, కానీ రోజూ అడ్మిన్‌గా లాగిన్ అవ్వొద్దు. రోజువారీ పనికి స్టాండర్డ్ అకౌంట్ పెట్టుకోండి. ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగితే చిరాకే, నాకూ చిరాకే. ఫ్రేమ్స్ పెరుగుతాయని డిఫెండర్ ఆపేసే ఫ్రెండ్స్ నాకూ ఉన్నారు. కానీ ఆ పాస్‌వర్డ్ బాక్స్ రావడమంటే, ఏదో మీ సిస్టమ్‌ని మార్చబోతోంది, ఒకసారి చూసుకో అని చెప్పడమే. ఇంట్లో అందరూ వాడే పీసీలో ఆ ఒక్క సెకను ఆగడం చాలా ఆపదలు తప్పిస్తుంది.

సెకండ్ హ్యాండ్ పీసీ కొనేటప్పుడు ర్యామ్ ఎంత, ఎస్‌ఎస్‌డీ ఎంత అని అందరం అడుగుతాం. ఇకమీద డబ్బులు ఇచ్చేముందు ఇంకో మాట అడగండి: "అడ్మిన్ పాస్‌వర్డ్ ఏది?" షాపులోనే లాగిన్ అయి, విండోస్ సెక్యూరిటీ ఓపెన్ చేసి, అన్నీ ఆకుపచ్చగా ఉన్నాయో లేదో చూశాకే జేబులో చెయ్యి పెట్టండి. బస్సెక్కాక అడిగితే, జవాబు కోసం మళ్లీ 120 కిలోమీటర్లు రావాల్సిందే.