తత్త్వం రాయడానికి పట్టా అడగొద్దు!



వచ్చే నెల జిల్లా కేంద్రంలో జరగబోయే తత్త్వశాస్త్ర సదస్సుకు నేను పంపిన వ్యాసం తిరుగుటపాలో వచ్చేసింది. జువాంగ్‌జీ సీతాకోకచిలుక కలనూ, 1641లో డెకార్ట్ ‘మెడిటేషన్స్’లో లేవదీసిన కల సందేహాన్నీ పక్కపక్కన పెట్టి రాశాను. అనుమానానికి అందని ఒక్క నిజమైనా దొరకాలని డెకార్ట్ ఆరాటం. జువాంగ్‌జీకి ఆ ఆత్రం లేదు. కల కన్నది మనిషో సీతాకోకచిలుకో తేల్చకుండానే ఊరుకున్నాడు. ఈ తేడా మీద సదస్సు నిర్వాహకులు ఒక్క మాట అనలేదు. మొదటి పేజీ మీద ఎర్రసిరాతో రెండు ముక్కలు: ‘చైనీస్ రాదు. ఫిలాసఫీ డిగ్రీ లేదు.’ లోపలి కాగితాలు నలగనైనా నలగలేదు.

పగలు కౌంటర్లోనో కొట్లోనో పనిచేసి, రాత్రి లావోజీనీ స్పినోజానూ చదివి రాసుకునే మనందరికీ జరిగే మర్యాద ఇదే.

చైనీస్ రాదట! లైబ్నిజ్‌కు వచ్చా? 1716లో చైనా తత్త్వం మీద రాసినప్పుడు ఆయనకు ఆధారం మిషనరీల రాతలే. సదస్సులో ప్లేటో మీద మాట్లాడబోయే పెద్దల్లో గ్రీకు వచ్చినవారెందరు? వాళ్లనెవరూ అడగరు.

డిగ్రీ సంగతా? స్పినోజా కటకాలు సానబట్టి బతికాడు. హ్యూమ్‌కు 1745లో ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి దక్కలేదు. మిల్ 1823 నుంచి 1858 దాకా ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. తుమ్మపూడి సంజీవదేవ్ ఏ పట్టా చూపించి రాశారు? ‘తత్వవేత్తలు’ రాసిన గోపీచంద్ నవలలు రాశారు, సినిమాలు తీశారు. కాంట్ ప్రొఫెసరే కదా అంటారు. అయితే ఏం?

అసలు వీళ్లు కాపలా కాస్తున్న జువాంగ్‌జీ పుస్తకంలో ఎవరున్నారు? ఎద్దును కోస్తూ ప్రభువుకు బతకడమెలాగో నేర్పిన వంటవాడు. రాజు చదువుతున్న గ్రంథం చచ్చినవాళ్లు వదిలిన మడ్డి అని మొహం మీదే చెప్పిన చక్రాల వడ్రంగి. ఆ ఇద్దరూ ఇవాళ వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు. ఇది విద్వత్తు కాదు, పెత్తనం! అందర్నీ రానిస్తే స్థాయి పడిపోతుందట. చదవకుండా తిప్పి పంపేవాళ్లా స్థాయి గురించి మాట్లాడేది?

మన డిమాండ్లు:

1. రచయిత పేరూ డిగ్రీ కనబడకుండా వ్యాసాలు పరిశీలించాలి.

2. తిప్పి పంపితే తప్పెక్కడుందో రాసి పంపాలి.

3. ప్రతి సదస్సులో ఒక పూట పట్టా లేని రచయితలకు ఇవ్వాలి.

మనమూ ఒక పద్ధతి పెట్టుకుందాం. ఏ అనువాదం చదివామో వ్యాసం మొదట్లోనే చెబుదాం. రాసింది ఊరి గ్రంథాలయంలో నలుగురి ముందూ చదువుదాం, ఎవరడిగినా జవాబిద్దాం.

ఆ మూడు డిమాండ్లూ ఒప్పుకునేదాకా సదస్సు గడప తొక్కొద్దు. మాట్లాడటానికి పనికిరాని మనం చప్పట్లకు మాత్రం ఎందుకు?