మట్టిబొమ్మకు దక్కిన కీర్తి

గురుగ్రామమునకు చేరిన ఖాండ్సా పల్లెలో ఏకలవ్యునికి ఒక గుడి కలదు. అతడు బొటనవ్రేలు కోసి యిచ్చిన చోటదియేనని అక్కడివారి నమ్మకము. ద్రోణుని మట్టిబొమ్మ యెదుట నిలిచి విలువిద్య నేర్చినవాడతడు. నేర్పినది బొమ్మ కాదు, రేయింబవళ్ళు అతడు చేసిన అభ్యాసము. అయినను విద్యయంతయు గురుప్రసాదమేనని అతడు ఒప్పుకొనెను. ఒప్పుకొన్నందుననే వ్రేలు పోయినది. నేటి చిత్రకారులలో, రచయితలలో కొందరు తమ చేతి పనిని ఏదో అదృశ్యశక్తి పేర వ్రాసి, ఇదే పొరపాటును కోరి చేయుచున్నారు. భేదమొక్కటే: ఏకలవ్యునికి నష్టము వచ్చినది, వీరికి చిత్రము ధర పెరుగుచున్నది.

ఢిల్లీ చిత్రశాలలలో తంత్రము పెద్ద సరకైనది 1966 తరువాత. ఆ యేట అజిత్ ముఖర్జీ తంత్రకళపై బొమ్మలతో నిండిన గ్రంథమును వెలువరించెను. గులాం రసూల్ సంతోష్, బీరేన్ దే, మన తెలుగువారిలో పాకాల తిరుమల రెడ్డి త్రికోణమును, బిందువును, పద్మదళములను కాన్వాసు పైకి తెచ్చిరి. వీరి చిత్రములలో గట్టివి కలవు. పోరు వారితో గాదు. ఆ చిత్రముల ప్రక్క నిలిచి, ఇది శక్తి స్వయముగా వెలసిన రూపము, దీక్ష లేనివాడు దీనిని విమర్శింపరాదని చూపరి నోరు మూయించు వ్యాఖ్యాతలతో.

యంత్రమునకొక పని కలదు. రాగిరేకు మీదనో భూర్జపత్రము మీదనో చెప్పిన కొలతతో దానిని గీయుదురు. గీచినవాని పేరు దానిపై నుండదు. పూజ లేనిదే అది వట్టి రేకు. అదే రూపము కాన్వాసు మీదికెక్కి గోడకు వ్రేలాడునపుడు మూలలో సంతకము, జాబితాలో ధర వచ్చి చేరును. శక్తియే గీచినచో సంతకమెవరిది? సంతకము చిత్రకారునిదైనచో రేఖ బలహీనమైన చోట తప్పు కూడ అతనిదే. ఈ రెండవ మాట ఒప్పుకొనుటకు వ్యాఖ్యాతలకు మనసు రాదు.

రజా బిందువు సంగతి చూడుడు. 1950లో పారిస్ చేరి, అక్కడనే దశాబ్దములు గడిపి, 2016లో ఢిల్లీలో కన్నుమూసిన సయ్యద్ హైదర్ రజా చిత్రములలోని ఆ నల్లని చుక్కను గూర్చి వ్రాయబడిన తత్త్వమునకు అంతు లేదు. ఆయన చెప్పుకొన్న కథ మాత్రము మిక్కిలి చిన్నది. మధ్యభారతపు పల్లెబడిలో, చదువు మీద దృష్టి నిలువని పిల్లవానికి పంతులు గోడపై ఒక చుక్క పెట్టి, దానినే చూచుచు కూర్చుండుమనెను. రజా తానే పిమ్మట దానికి పెద్ద అర్థములు చేర్చెను, నిజమే. అయినను మొదట నున్నవి ఒక బడిపంతులు, ఒక గోడ, కుదురు లేని పిల్లవాడు.

ఇట్టి వాదమునకు పాశ్చాత్యుల సాక్ష్యము తెచ్చుట అలవాటు. దివ్యజ్ఞాన సమాజపు కేంద్రము 1882లో మద్రాసు అడయారుకు వచ్చినది. 1909లో మోండ్రియాన్ ఆ సమాజమున సభ్యుడాయెను. మన పెరటి చెట్టు మందే సీమ సీసాలో తిరిగి వచ్చినపుడు మనవారికి దానిపై గౌరవము హెచ్చినది. స్వీడన్ చిత్రకారిణి హిల్మా ఆఫ్ క్లింట్ 1906 నుండి ఒక ఆలయము కొరకని 193 చిత్రములు గీచెను. అది అశరీరుల ఆదేశమని ఆమె నమ్మెను. కాని స్టాక్‌హోమ్ రాయల్ అకాడమీలో 1887 వరకు చదివి, చెట్టు చేమలను ఏండ్ల తరబడి గీచిన చేయి అది. అశరీరులు చేయి తిరుగనివారిని ఏల ఎన్నుకొనరో ఎవ్వరును చెప్పరు. కవి యేట్స్ సంగతి ఇంకను వింత. 1917లో ఆయన భార్య చేతిని ఆవహించి వ్రాయించిన ఆత్మలు, తాము వచ్చినది కవిత్వమునకు రూపకములు అందించుటకేనని చెప్పినవట. ఆత్మలకున్న ఔచిత్యము వ్యాఖ్యాతలకు లేకపోయినది.

రూపకముగా గ్రహించినవారికి ఈ లోకము తక్కువ మేలు చేయలేదు. హిందీలో ముక్తిబోధ్ పాడుబడిన దిగుడుబావిలో ఒక బ్రహ్మరాక్షసుని నిలిపెను. ఎంత తోముకొన్నను మలినము పోని ఆ ప్రేతము, జ్ఞానమును తనలోనే బంధించుకొన్న పండితుడు. దానిని చదివి ఎవ్వరును తాయెత్తు కట్టుకొనరు. అంతకు చాల ముందే దేవకీనందన్ ఖత్రీ తన తిలిస్మాత్ నవలలలోని అద్భుతముల వెనుక మీటలను, యంత్రములను చూపెను.

తెలుగున ఈ వ్యవహారము చిత్రశాలతో ఆగలేదు. 1980ల తొలినాళ్ళలో యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ వారపత్రికలో ధారావాహికగా వెలువడినది. ఒక పసిపిల్లపై చేతబడి అందలి వస్తువు. వెనువెంటనే క్షుద్రవిద్యల నవలలు పుంఖానుపుంఖములుగా వచ్చినవి. ప్రకరణమును ఎక్కడ ఆపవలెనో తెలిసిన నేర్పు యండమూరిది, కాదనరాదు. కల్పనయే గదా అందురు. కాని బాణామతి చేసెనను అనుమానముతో తెలంగాణ పల్లెలలో మనుష్యులను చెట్టుకు కట్టి కొట్టుట, పళ్ళూడగొట్టుట, తగులబెట్టుట కల్పన కాదు. బీహారు 1999లో, మహారాష్ట్ర 2013లో ఇట్టి దారుణములపై ప్రత్యేక చట్టములు చేయవలసి వచ్చినది. ఆ చావులకు నవలలే కారణమనుట అన్యాయము. ఆ నమ్మకము నవలకంటె ఎంతో పాతది. అయితే భయమును అచ్చువేసి అమ్మినవారు, అది ఎవరి తలుపు తట్టునో విచారింపలేదు. ఆ కథలలో మాంత్రికుడు దుష్టుడు, అతని శక్తి నిజము. పల్లెలో దెబ్బలు తిన్నది ఏ శక్తియు లేని ముసలిది.

ఆ ముసలిదాని వైపునుండి చూచిన కథ బెంగాలీలో కలదు. మహాశ్వేతాదేవి ‘బాయేన్’లో, చచ్చిన పసిపిల్లలను పూడ్చు వృత్తి గల చండీదాసిని ఊరివారు మంత్రగత్తెయని వెలివేయుదురు. కన్నకొడుకు కూడ ఆమెను చూడరాదు. ఒక రాత్రి దొంగలు పట్టాలపై అడ్డు పెట్టగా, ఆమె పరుగెత్తి రైలును ఆపి, దాని క్రింద పడి మరణించును. ఆమె ఎవరని అధికారులు అడిగినపుడు, ఆమె నీడను తప్పించుకొని తిరిగిన ఊరివారి నడుమ నిలిచి, కొడుకు భగీరథుడు ఆమె తన తల్లియని చెప్పును.