వలస కూలీ ఆరోగ్యం వ్యవసాయ విస్తరణ పరిధిలోనిదే

2020 మే 1వ తేదీ తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్ నుండి జార్ఖండ్‌లోని హటియాకు ఒక ప్రత్యేక రైలు బయలుదేరింది. లాక్‌డౌన్ విధించిన తరువాత వలస కార్మికుల కోసం దేశంలో నడిచిన మొదటి రైలు అదే. అందులో ఎక్కిన సుమారు 1,200 మంది సంగారెడ్డి జిల్లా కంది వద్ద ఐఐటీ హైదరాబాద్ భవన నిర్మాణ పనుల్లో ఉన్నవారు. అంతకు రెండు రోజుల ముందు, ఏప్రిల్ 29న, బకాయి వేతనాలు చెల్లించాలనీ తమను సొంత ఊళ్ళకు పంపాలనీ వారు ఆందోళనకు దిగారు. సరిగ్గా వారం తరువాత, మే 8న, అదే లింగంపల్లిలో బీహార్‌లోని ఖగడియా నుండి వచ్చిన మరొక రైలు ఆగింది. దానిలో నుండి దిగిన రెండు వందలకు పైగా కూలీలు మన రైస్ మిల్లులలో పనిచేయడానికి వచ్చారు. యాసంగి ధాన్యం కొనుగోళ్ళు ముమ్మరంగా సాగుతున్న ఆ రోజులలో మిల్లులలో హమాలీల కొరత తీవ్రంగా ఉండటమే అందుకు కారణం.

ఒకే స్టేషన్, వారం వ్యవధి, రెండు రైళ్ళు. వలస శ్రమ మీద మన ఆహార వ్యవస్థ ఎంతగా ఆధారపడి ఉన్నదో చెప్పడానికి ఇంతకంటే వేరే సాక్ష్యం అవసరం లేదు. అయినప్పటికీ ఆ కూలీల ఆరోగ్యం కార్మిక శాఖకో వైద్య శాఖకో చెందిన విషయమే తప్ప మనది కాదన్న భావన వ్యవసాయ శాస్త్రవేత్తలలో స్థిరపడి ఉన్నది. ఈ భావనను విడనాడాలన్నదే నా వాదన.

మహమ్మారి కాలంలో వలస కార్మికునికి ఎదురైన ప్రమాదం వైరస్ ఒక్కటే కాదు. మొదటిది నివాసం. పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం, జిన్నారం ప్రాంతాలలో ఒకే గదిని పలువురు పంచుకోవడం, పగటి షిఫ్టువారు లేచిన చోట రాత్రి షిఫ్టువారు పడుకోవడం కొత్త విషయం కాదు. గాలి ద్వారా వ్యాపించే వ్యాధికి గాలి ఆడని ఇరుకు గది కంటే అనుకూలమైన చోటు ఉండదు. ‘ఇంటి పట్టున ఉండండి, లక్షణాలు కనిపిస్తే విడిగా ఉండండి’ అన్న సలహా ప్రత్యేకంగా ఒక గది ఉన్నవారికే వర్తిస్తుంది. సింగపూర్ వంటి సంపన్న దేశంలోనే కార్మికుల వసతి గృహాలలో ఉన్న సుమారు 3,23,000 మందిలో 47 శాతం మందికి అప్పటికే వైరస్ సోకినట్లు 2020 డిసెంబరులో అక్కడి ప్రభుత్వం వెల్లడించింది. వారిలో ఎక్కువమంది యువకులు కావడం, వైద్యం సకాలంలో అందడం వలన మరణాలు అతి స్వల్పంగా ఉన్నాయి. అంటే ఇరుకు వసతి వ్యాధిని వ్యాపింపజేయగా, వైద్యం ప్రాణాలను నిలిపింది.

రెండవది ఆకలి. పని ఆగిన రోజే కూలి ఆగుతుంది, కూలి ఆగిన వారంలో తిండి తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం వలస కార్మికులు ఒక్కొక్కరికి 12 కిలోల బియ్యం లేదా గోధుమపిండి, 500 రూపాయలు ఇవ్వాలని 2020 మార్చి నెలాఖరున నిర్ణయించడం హర్షణీయమే. కానీ అది తాత్కాలిక ఉపశమనం. సొంత ఊరిలోని రేషన్ కార్డు పనిచేసే ఊరిలో చెల్లుబాటు కాకపోవడం అసలు సమస్య. ఒకే దేశం–ఒకే రేషన్ కార్డు పథకాన్ని 2021 జూలై 31లోగా అన్ని రాష్ట్రాలూ అమలు చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. ఈలోగా జరగవలసిన నష్టం జరిగిపోయింది. 2020 ఏప్రిల్‌లో ములుగు జిల్లా మిరప తోటలలో కాయలు ఏరడానికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ బాలిక ఒకరు, తోటివారితో కలిసి మూడు రోజులు కాలినడకన సాగి, సొంత ఊరు చేరువలో ఉండగా కన్నుమూసింది. ఆమె వయస్సు 12 సంవత్సరాలు. మిరప సాగు ఖర్చుల పట్టికలో కోత కూలి అని మనం రాసే అంకె వెనుక అటువంటి పిల్లలు కూడా ఉన్నారు.

మూడవది వైద్యానికి దూరం కావడం. ఈఎస్ఐ పథకం క్రింద నెలకు 21,000 రూపాయల వరకు వేతనం పొందే కార్మికులకు చికిత్స హక్కుగా లభిస్తుంది. రామచంద్రాపురంలో ఈఎస్ఐ ఆసుపత్రి కూడా ఉన్నది. అయితే కాంట్రాక్టరు క్రింద ఉప కాంట్రాక్టరు, అతని క్రింద మేస్త్రీ ఉన్న గొలుసులో చివరి కార్మికుని పేరు ఏ జాబితాలోనూ చేరకపోతే ఆసుపత్రి పక్కనే ఉన్నా ప్రయోజనం ఉండదు. క్షయ వ్యాధికి కనీసం ఆరు నెలలు మందులు వాడుతున్నవారు, రక్తపోటు, మధుమేహం ఉన్నవారు స్థలం మారినప్పుడు మందులు ఆగిపోతే కరోనా సోకకపోయినా ప్రమాదమే. ఇక పొలం కూలీకి ఈఎస్ఐ రక్షణ అసలే లేదు.

చట్టాలు లేవని కాదు. ఐదుగురు లేదా అంతకు మించి అంతర్రాష్ట్ర కార్మికులను పనిలో పెట్టుకున్నచోట వసతి, ఉచిత వైద్యం కల్పించాలని 1979 నాటి చట్టం చెప్పింది. దాని స్థానంలో 2020లో పార్లమెంటు ఆమోదించిన కోడ్ ఆ సంఖ్యను పదికి పెంచింది. అదే ఏడాది సెప్టెంబరులో, వలస కార్మికుల మరణాల వివరాలు తమ వద్ద లేవని కేంద్ర కార్మిక శాఖ పార్లమెంటుకు తెలిపింది. లెక్కలో లేనివారికి రక్షణ కల్పించడం ఎవరికీ సాధ్యం కాదు.

ఇది మన పని కాదనే వారికి ఒక్క విషయం గుర్తుచేస్తాను. లాక్‌డౌన్ తొలి వారాలలో భారత వ్యవసాయ పరిశోధన మండలి రైతులకు ఇచ్చిన సూచనలలో దూరం పాటించడం, పనిముట్లను శుభ్రపరచడం వంటి ఉపయోగకరమైన అంశాలు ఉన్నాయి. వాటితోపాటు, వీలైనంతవరకు తెలిసినవారినే పనికి పిలవాలన్న సూచన కూడా ఉన్నది. రైతు రక్షణ దృష్టితో అది సహేతుకమే. కానీ ఆ వాక్యంలో వలస కూలీ వ్యాధిని మోసుకువచ్చే వ్యక్తిగానే కనిపిస్తాడు, వ్యాధికి గురయ్యే వ్యక్తిగా కాదు. మన సలహాలు ఎవరిని ఉద్దేశించి రాస్తున్నామన్న ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది.

తెలంగాణలో సుమారు 5,000 ఎకరాలకు ఒక క్లస్టరు, దానికొక వ్యవసాయ విస్తరణ అధికారి, ఒక రైతు వేదిక ఉన్నాయి. గ్రామస్థాయిలో ఇంత దగ్గరగా ఉన్న యంత్రాంగం మరే శాఖకూ సులభంగా లభించదు. పంటల నమోదుతోపాటు ఏ వారంలో ఏ పనికి ఎక్కడి ముఠాలు వస్తున్నాయి, ఎందరు, ఎక్కడ బస చేస్తున్నారు అన్న నాలుగు అంశాలను నమోదు చేయడం భారం కాదు. ఆ పట్టికను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి అందజేస్తే మరుసటి మహమ్మారిలో వెతుకులాట తప్పుతుంది. మన సాగు సలహాలలో తాగునీరు, నీడ, మరుగుదొడ్డి, జ్వరం వస్తే విడిగా ఉంచే చోటు గురించి ఒక పేరా చేరాలి. ముఠా మేస్త్రీల ఫోన్లకు హిందీ, ఒడియా భాషలలో ఆ సందేశాలు చేరాలి. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో పల్లెలలో గడిపే విద్యార్థులు రైతు కుటుంబాలతోపాటు కూలీల బసలను కూడా సర్వే చేయాలి.

పరిశోధనకూ ఇందులో పని ఉన్నది. 2020 వానాకాలంలో నాటు కూలీలు దొరకక పంజాబ్, హర్యానా రైతులు పెద్ద ఎత్తున వరిని నేరుగా విత్తారు. ఆ పద్ధతిని మనం నీటి ఆదా, ఖర్చు ఆదా కొలమానాలతోనే మదింపు చేస్తున్నాము. దాని వలన ఎన్ని పని దినాలు తగ్గాయి, ఆ కుటుంబాలు ఎటు మళ్ళాయి అన్నవి కూడా మన ప్రయోగ ఫలితాలలో భాగం కావాలి.

వలస అంటే ఏమిటో తెలంగాణకు ఎవరూ నేర్పనవసరం లేదు. పాలమూరు లేబరు దేశమంతటా ఆనకట్టలు కట్టింది, కరీంనగర్, నిజామాబాద్ యువకులు గల్ఫ్ క్యాంపులలో నలుగురైదుగురు ఒక గదిలో బ్రతికారు. సంగారెడ్డి జిల్లాలోనే నారాయణఖేడ్ తండాల వారు చెరకు కోతలకు వలస వెళ్తుండగా, పటాన్‌చెరుకు ఒడిశా, బీహార్ వారు వస్తున్నారు. పరాయి ఊరిలో మన కూలీకి ఏ ఆదరణ కోరుకుంటామో, మన ఊరికి వచ్చిన కూలీకి దానిని అందించే ఏర్పాటు ముందుగా సిద్ధం చేసుకోవాలి. రాబోయే వానాకాలం నాట్లకు ముఠాలు దిగకముందే ప్రతి ఏరువాక కేంద్రం తన పరిధిలో ఒక్క మండలంలోనైనా ఈ నమోదును ప్రారంభించగలదు.