ఎవరి ఫోను, ఎవరి పుస్తకం?

ఆడవాళ్లు ఏం చదవాలి, ఎప్పుడు చదవాలి, ఎంతసేపు చదవాలి అన్నది మన ఇళ్లలో ఎన్నడూ పూర్తిగా వాళ్ల నిర్ణయం కాలేదు. అద్దెకిచ్చే షాపు నుంచి తెచ్చిన నవలలూ, వారపత్రికల నుంచి చింపి కుట్టుకున్న సీరియళ్లూ పనంతా ముగిశాక, చేతులు మార్చుకుంటూ చదివిన తరాలు మనవి. ఇప్పుడు ఆ పుస్తకం సెల్‌ఫోనులోకి వచ్చింది. కిండిల్, గూగుల్ ప్లే బుక్స్, ప్రతిలిపి వంటి యాప్‌ల గురించి మాట్లాడేవారు ఎక్కువగా సదుపాయాలనే లెక్కపెడతారు. వాటిలో నచ్చేవేమిటి, నచ్చనివేమిటి అని స్త్రీల వైపు నుంచి అడిగితే మాత్రం అది హక్కుల ప్రశ్నగా మారుతుంది.

నచ్చేవి తక్కువేమీ కాదు. ఫోనులో చదివే పుస్తకానికి బయటికి కనిపించే అట్ట ఉండదు. బస్సులోనో, పప్పు ఉడికేలోగానో, పిల్లల్ని నిద్రపుచ్చి లైటు ఆర్పేశాకనో ఎవరి కంటా పడకుండా చదువుకోవచ్చు. తన శరీరం గురించో, గృహహింస చట్టం గురించో తెలుసుకోవాలనుకునే స్త్రీకి ఈ ఏకాంతం చాలా విలువైనది. చత్వారం వచ్చినవాళ్లు అక్షరాలను పెద్దవి చేసుకోవచ్చు. పుస్తకాల షాపు లేని ఊళ్లో ఉన్నా, పని కోసం గల్ఫ్‌కు వెళ్లినా తెలుగు పుస్తకం అందుతుంది. 2014లో మొదలైన ప్రతిలిపిలో ఏ సంపాదకుడి గడపా తొక్కకుండానే స్త్రీలు కథలు రాస్తున్నారు. ఆ రాతలను చూసి పెదవి విరిచే వారున్నారు. ఒకప్పుడు రచయిత్రుల నవలలను చూసి కూడా విమర్శకులు ఇలాగే పెదవి విరిచారని గుర్తుంచుకోవాలి.

అయితే ఆ ఫోను ఎవరిది? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, తాము స్వయంగా వాడుకునే మొబైల్ ఫోను ఉన్న స్త్రీలు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 49 శాతం, తెలంగాణలో 60 శాతం. ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలలో 21 శాతమైతే పురుషులలో 48.8 శాతం. తెలంగాణలో ఇవే అంకెలు 26.5, 57.4. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోను ఉన్నచోట పైన చెప్పుకున్న ఏకాంతం నిలవదు. యాప్ తెరవగానే చివరిగా చదివిన పుస్తకమే ఎదురొస్తుంది. కొన్న పుస్తకం తాలూకు మెసేజ్ భర్త నంబరుకు పోతుంది. అట్ట లేని పుస్తకం ఇలా చడీచప్పుడు లేకుండా తన జాడ చెప్పేస్తుంది.

ఇంట్లోవాళ్ల కళ్లే కాదు, కంపెనీ కళ్లు కూడా ఉన్నాయి. ఏ పేజీలో ఆగాం, ఏ వాక్యం కింద గీత గీశాం అన్నది యాప్‌లో నమోదవుతుంది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టులో తీర్పు చెప్పింది. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. కానీ పేజీల కొద్దీ ఇంగ్లీషు షరతుల కింద ఒక మీట నొక్కించుకుని దాన్నే సమ్మతి అంటే, తెలుగు మాత్రమే చదవగలిగిన స్త్రీ దేనికి సమ్మతించినట్టు?

భాష విషయంలో మరో ఇబ్బంది ఉంది. 2016 డిసెంబరులో కిండిల్ ఐదు భారతీయ భాషల పుస్తకాలు తెచ్చింది. హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్న ఆ జాబితాలో తెలుగు లేదు. మన ప్రచురణకర్తలు చాలాకాలం యూనికోడ్ కాని ఫాంట్లలో డీటీపీ చేయించినందువల్ల, ఎన్నో తెలుగు ఇ-పుస్తకాలు పేజీకి తీసిన ఫొటోల్లా ఉంటాయి. అక్షరం పెంచితే వాక్యం తెర దాటి పోతుంది. ప్రతి పంక్తికీ పేజీని పక్కకు జరుపుకోవాలి. చూపులేని పాఠకురాలికి పుస్తకాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కు ఆ పేజీ ఒక బొమ్మ మాత్రమే. అంధుల కోసం పుస్తకాల రూపం మార్చడాన్ని అనుమతిస్తూ మన కాపీరైట్ చట్టాన్ని 2012లో సవరించారు. ఆ లక్ష్యంతోనే వచ్చిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే. చట్టం ఇచ్చినది తెలుగు పేజీ దాకా రాలేదు.

అన్నిటికంటే పెద్ద విషయం, డబ్బు పెట్టి కొన్నా ఆ పుస్తకం మనది కాకపోవడం. మనకు అమ్మేది చదువుకునే అనుమతి మాత్రమేనని షరతుల్లోనే ఉంటుంది. 2009లో జార్జ్ ఆర్వెల్ రాసిన ‘1984’ ప్రతులను, అమ్మినవారికి హక్కులు లేవన్న కారణంతో, అమెజాన్ పాఠకుల కిండిళ్ల నుంచి చెరిపేసింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఇ-పుస్తకాల దుకాణం మూసేసినప్పుడు డబ్బు వాపసు ఇచ్చింది గానీ పుస్తకాలు మాయమయ్యాయి. కొన్న పుస్తకాలను కంప్యూటర్‌లోకి దించి దాచుకునే వీలును అమెజాన్ 2025 ఫిబ్రవరిలో తీసేసింది.

ఇది ఎక్కడో జరిగిన సంగతి అనుకోవడానికి లేదు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనము’ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ అచ్చువేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం అశ్లీలమంటూ నిషేధించింది. ఆ నిషేధం పోవడానికి 1947 దాకా ఆగవలసివచ్చింది. స్త్రీ రాసిన పుస్తకం మీద వేటు ఎంత తేలికగా పడుతుందో మనకు తెలుసు. ఆనాడు ప్రతులు పట్టుకోవడానికి పోలీసులు రావలసివచ్చింది. ఈనాడు ఎవరూ మన తలుపు తట్టనక్కరలేదు.

మనది కాని పుస్తకాన్ని పక్కింటావిడకు ఇవ్వలేము కూడా. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కార్యక్రమం వాచకంలోని ఒక పాఠం స్త్రీలను సారా మీద పోరాటానికి కదిలించింది; 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాళ్లు ఆ పాఠాన్ని కలిసి చదివారు, కలిసి చర్చించారు. ఒక్కో ఖాతాకు తాళం వేసిన పుస్తకంతో అలాంటి చదువు సాగదు.

అందుకని ఫోనులో చదవడం మానమని మేము చెప్పడం లేదు. స్త్రీలకు అది తెరిచిన తలుపు మూసుకుపోకూడదనే ఈ మాటలు. కొన్న పుస్తకం దాచుకునే హక్కు, మరొకరికి ఇచ్చే హక్కు చట్టంలో ఉండాలి. షరతులు తెలుగులో ఉండాలి. చదివిన జాడను చెరిపేసుకునే వీలు, ఒకే ఫోనులో ఎవరి అర వారికి తాళం వేసుకునే వీలు అడగకుండానే ఉండాలి. ఇంటిపన్నుతో పాటు మన దగ్గర గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తున్నారు. ఆ డబ్బుతో నడిచే గ్రంథాలయాలు ఫోనుకు పుస్తకాలు అరువివ్వాలని అడగడం మన హక్కు. ఇక మన చేతిలోనే ఉన్న పని ఒకటుంది. స్త్రీల సంఘాలు వేసే పత్రికలు, పుస్తకాలు అన్నీ యూనికోడ్‌లో, తాళాలు లేని ఫైళ్లుగా రావాలి. కంపెనీలను నిలదీయడంతో పాటు ఆ పని మనమే మొదలుపెట్టాలి.